లాభం, రెండు, మూడు

సంచి మూతి విప్పి చూశాను, అంతే.
నలభై ఉన్నాయా? ఉన్నాయి.
మొదటిది తేజ రకమేనా? తేజే.
పచ్చ టిక్కు పడింది.
అరండల్‌పేటలో జిరాక్సు షాపు మీద మా ఆఫీసు.
కిటికీలోంచి మార్చి ఎండా, మిర్చి కోరూ కలిసి వస్తుంటే
తుమ్ముకుంటూ తెనాలి రైలెక్కాను.

తెల్లారి ఫోను, ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ నుంచి.
"అమ్మాయ్, మీ కంప్యూటరు నలభై లాట్లంటోంది.
కాగితం మీద నలభై వరసలున్నాయి,
పేర్లు ముప్పై తొమ్మిదే."
నాగుల్‌మీరా. దడవాయి.
కాటా ముల్లును తప్ప మనిషిని నమ్మడు,
ముల్లును కూడా రెండుసార్లు తట్టి చూస్తాడు.

వెళ్ళాను. ఆటో దిగకముందే కళ్ళు మండాయి.
ఆయన నా కోడు అడగలేదు,
ఒక టిక్కీ విప్పి చూపించాడు.
పైన లక్క రంగు కాయ, తొడిమ ఊడనిది.
మోచేతి దాకా చెయ్యి దూర్చి
అడుగు నుంచి గుప్పెడు తీశాడు.
తాలు. తెల్లగా, పాత కాగితంలా.
"మూతి దగ్గర చూసి ధర చెప్పేవాడు
యార్డులో రెండో రోజు నిలబడడు తల్లీ."

నా పరీక్షా మూతి దగ్గరే చూసింది.
పొడవు అడిగింది, ముఖం అడిగింది,
చెయ్యి మాత్రం దూర్చలేదు.
పొడవు అడగడం ఒక్క లైను.
అది శుక్రవారం. రైలు ఆరూ పదికి.

ఆయన కాగితం పట్టుకుని పైకే లెక్కపెట్టాడు:
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు,
ఆరున్నొకటి, ఎనిమిది...
ఒకటి అనడు. ఏడు అనడు.
సరుకు లెక్కలో ఏడుపు వినపడకూడదట.
నవ్వబోయి ఆగాను.
నా వరసా ఒకటితో మొదలు కాదు,
సున్నాతో మొదలవుతుంది.
ఆయన లాభం అనే చోట
నేను ఏమీ లేదంటాను.
ఇద్దరి వేలూ ఒకే సంచి మీద.

పద్నాలుగు దగ్గర గొంతు ఆగింది.
నాకది పదమూడు.
గది ఉంది, గదిలో ఎవరూ లేరు.
ఆ లేకపోవడాన్ని కూడా
ఒకటని లెక్కేసింది నా పొడవు.

గట్టు మీద కూర్చుని ఉంది ఫిరంగిపురం ఇన్నాసమ్మ.
కళ్ళజోడు పెట్టెలోంచి రసీదు తీసింది,
ఎనిమిది మడతలు.
ఇరవై రెండు టిక్కీలు.
"నా కాయ లోపలే ఉందంటగా,
పేరేగా లేంది" అంది.
ఓదార్చిందో, తిట్టిందో
ఇప్పటికీ తెలియదు.

రాత్రి మళ్ళీ కూర్చున్నాను.
రావాల్సిన వరస రాశాను, వచ్చిన వరస పక్కన పెట్టాను.
అక్షరం అక్షరం ఒకటే.
మెషీను మాత్రం, ఒకటి కావు పో, అంది.
దాన్ని నేనడిగింది, ఇది అదేనా అని.
అడగాల్సింది, ఇందులో ఉన్నవే అందులో ఉన్నాయా అని.
నాగుల్‌మీరానడిగితే
గోనె వేరు, కాయ వేరు అని ఊరుకునేవాడు.
నాకు పదకొండు దాటింది.

హమాలీలు ఏ వరసలో దించినా సరుకు సరుకే,
కాబట్టి రెండిటినీ ఒక క్రమంలో పేర్చి పోల్చాను.
ఒకే పేరు రెండుసార్లొస్తే?
అసలు ఒక్క లాటూ రాని రోజైతే?
గదిలో మనిషికి బదులు గాలి ఉంటే?
ఒక్కోదానికీ మోచేతి దాకా.

నడిపాను.
పదమూడు దగ్గర ఎర్ర గీత పడింది.
మా గుంటూరులో ఎరుపంటే ధర.
ఎవరూ లేని ఆఫీసులో
ఆ ఎరుపును చూసి పైకే అన్నాను, దొరికావు.

తప్పు దిద్దడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.
పరీక్షలకు పేర్లు పెట్టడానికే పొద్దుపోయింది.
ఆరింటికి పెట్టేశాక
తర్వాతదాని దగ్గర వేళ్ళు ఆగాయి.
ఆరున్నొకటి, అని కొట్టాను.
పొద్దున హిమవంత్ అడుగుతాడు, ఇదేం పేరని.
అడగనీ.